ప్రవరుని పాదలేపము – మన వేసవి హిమయాత్ర

ఒక్క పగటిలో మంచుకొండను చూచి, పొద్దు గుంకకముందే ఇల్లు చేరవలెనన్న కోరిక తెలుగువారికి నిన్న మొన్నటిది కాదు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో (1509–1529) అల్లసాని పెద్దన ఆ కోరికతోనే ఒక ప్రబంధానికి ఎత్తుగడ కల్పించినాడు. మనుచరిత్ర అనగానే అందరికీ వరూధిని గుర్తుకు వస్తుంది, ప్రవరుని నిగ్రహం గుర్తుకు వస్తుంది. ఆ రెండింటి గూర్చి పెద్దలు చాలినంత వ్రాసినారు. నేను ఇక్కడ ఆ కథను ఒక ప్రయాణ వృత్తాంతంగా మాత్రమే చూడదలచినాను. ఆ ప్రబంధం ముందుకు సాగడానికి మూలం ఒక ప్రయాణపు లెక్క తప్పడమే కదా!

ప్రవరుడు అరుణాస్పదపురంలో నిత్యాగ్నిహోత్రి. తీర్థాలు చూడాలని ఎంత ఉబలాటమున్నా ఇల్లు కదలలేని గృహస్థు. వేళకు అగ్నులను కొలవాలి, అతిథులను ఆదరించాలి, ముసలి తల్లిదండ్రులను కనిపెట్టుకొని ఉండాలి. తీర్థయాత్రలు చేసినవారు ఇంటికి వస్తే వారి నోట ఆ విశేషాలు వినడమే అతనికి యాత్ర. అటువంటి ఇంటికి ఒక సిద్ధుడు వచ్చి, ప్రవరుని వేడుక చూచి, కాళ్ళకు పాదలేపం పూసినాడు. కథకు మూలమైన మార్కండేయ పురాణంలో ప్రయాణపు లెక్క ఇంకా స్పష్టంగా ఉన్నది. సగం దినంలో వేయి యోజనాలు పోవచ్చు, మిగిలిన సగంలో తిరిగి రావచ్చు. పొద్దున అగ్నికార్యం ముగించి బయలుదేరితే సాయంకాలపు అగ్నికార్యానికి ఇంట్లో ఉండవచ్చు. గృహస్థు ధర్మానికి లోపం లేదు, కోరికా తీరుతుంది.

లెక్క చూడడానికి చక్కగానే ఉన్నది. ప్రవరుడు హిమాలయం చేరినాడు, కన్నుల కరువు తీర చూచినాడు. మధ్యాహ్నమైనది. సూర్యకాంత శిలలు ఎండకు కాగి, మంచు కరిగి పారుతున్న వేళ. మిగిలిన వింతలు రేపు వచ్చి చూడవచ్చును, నేటికి ఇల్లు చేరుదామని అనుకున్నాడట. ‘రేపు’ అన్న ఆ మాటలో ఎంత ధీమా ఉన్నదో గమనించండి. తీరా అడుగు వేయబోతే కాళ్ళు కదలవు. లేపం మంచునీటికి కరిగిపోయినది. అప్పుడు గుర్తుకు వచ్చినారు తల్లి, తండ్రి, ఇల్లాలు, ఆరిపోతున్న అగ్నులు.

ముప్పయి యేండ్లకు పైగా బడిలో ఈ కథ చెప్పినవాణ్ణి. ఒక యేడు తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు లేచి, “లేపం ఇంకింత చిన్న డబ్బిల వెంట పట్టుకపోతే అయిపోవు గద సారూ!” అన్నాడు. తరగతి అంతా నవ్వినది. నాకు మాత్రం ఆ ప్రశ్న ఎంతో నచ్చినది. ప్రవరుడు పోవడానికి ఏర్పాటు చేసుకున్నాడు గాని రావడానికి వేరే ఏర్పాటేదీ చేసుకోలేదు. పైగా ఏ చోటికి పోతున్నాడో ఆ చోటే తన సాధనాన్ని చెడగొడుతుందన్న ఊహ అతనికి రాలేదు. మంచుకొండకు పోయేవాడు మంచుకు కరిగే మందును నమ్ముకోవడం! పిల్లవాడు పట్టుకున్నది సరిగ్గా ఆ కీలకాన్నే.

ఇదంతా ఇప్పుడు తలచుకోవడానికి కారణం లేకపోలేదు. మా అబ్బాయి ఈ మధ్య, “బాపూ, వేసవి సెలవులల్ల అందరం మనాలి పోదాం. ఒక్క రోజు రోహ్తాంగ్ కనుమకు పోయి, పిల్లలకు మంచు చూపెట్టి సాయంత్రం వరకు దిగుదాం. ఎట్ల పోవాల్నో నువ్వే ఒక ఆలోచన చెయ్యి” అన్నాడు. పంతులుకు పని చెప్పితే పుస్తకాల దగ్గరికే పోతాడు. అట్లా పోయి, మంచుకొండలకూ మనవారికీ నడుమ ఉన్న సంబంధాన్ని కొంత తరచి చూచినాను. ఆ చూచినదే ఈ వ్యాసం.

మొదట మాట సంగతి. మన తెలుగులో మంచు ఒక్కటే. తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే, మాఘమాసంలో దారి కానరాకుండా కమ్ముకొనేదీ మంచే, హిమాలయం మీద గట్టిపడి ఉండేదీ మంచే. సంస్కృతంలో అమరసింహుడు హిమానికి తుషారం, తుహినం, నీహారం, ప్రాలేయం, అవశ్యాయం, మిహిక అని పర్యాయపదాలు చెప్పి, పేరుకుపోయిన మంచు రాశికి ‘హిమాని’ అని వేరే పేరు చెప్పినాడు. మన పూర్వులు చూడనిదానికి పేరు పెట్టలేదు. అందులో వింత ఏమున్నది? కొడిమ్యాల పిల్లలు వేసవిలో కండ్లారా చూచే గడ్డకట్టిన నీరు ఒక్కటే, రాళ్ళవాన. అది పడ్డనాడు పిల్లలు గిన్నెలు పట్టుకొని వాకిట్లోకి ఉరుకుతారు, పెద్దలు మామిడితోటల దిక్కు చూచి నిట్టూరుస్తారు. మే నెలలో 45 డిగ్రీల ఎండ కాసే మా జగిత్యాల ప్రాంతంలో ‘మంచుకొండ’ అన్నది చాలాకాలం కావ్యంలోని మాటగానే ఉండిపోయినది.

అయితే మాకు మంచుకొండ దూరమైనా మంచుకొండ ముక్క దగ్గరే ఉన్నది. లక్ష్మణుని బ్రతికించడానికి ఆంజనేయుడు సంజీవని పర్వతాన్ని తీసుకొని పోతుండగా ఒక ముక్క విరిగి ముత్యంపేట దగ్గర పడినదనీ, అదే కొండగట్టనీ మా వైపు స్థలపురాణం. వేసవి వచ్చిందంటే మా ఊళ్ళలో కుటుంబమంతా కలిసి పోయే కొండ అదే. చైత్ర పున్నమికి చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద జయంతి. కాషాయ వస్త్రాలు కట్టి మాల వేసుకున్నవారు మండుటెండలో కాలినడకన వచ్చి దీక్ష విరమిస్తారు. ఆ రాళ్ళ మీద చెప్పులు లేని కాలు పెట్టినవారికి అది హిమాలయపు తునక అని నమ్మడం కొంచెం కష్టమే! కాని ఆ నమ్మకమే మా వారిని వేల యేండ్ల కథతో ముడివేసినది.

వాల్మీకి రామాయణం యుద్ధకాండలో హనుమంతుడు ఓషధుల కొరకు హిమాలయానికి రెండుమార్లు పోతాడు. మొదటిసారి ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రానికి రామలక్ష్మణులతో సహా వానరసేన అంతా పడిపోయినప్పుడు, రెండవసారి రావణుని శక్తికి లక్ష్మణుడు పడిపోయినప్పుడు. మొదటి యాత్రకు ముందు జాంబవంతుడు చెప్పిన మాటలను ప్రయాణ దృష్టితో చదివి చూడండి. సముద్రం దాటి హిమాలయానికి పో, ఋషభ కైలాస శిఖరాల నడుమ ఓషధి పర్వతం ఉంటుంది, దానిమీద మృతసంజీవని, విశల్యకరణి, సావర్ణ్యకరణి, సంధానకరణి అని నాలుగు మూలికలు ఉంటాయి, వాటిని తీసుకొని త్వరగా రా. దారి, గుర్తులు, పని, గడువు అన్నీ ఆ నాలుగు మాటలలోనే ఉన్నవి. పోయేవాడు బలవంతుడే, కాని దారి చెప్పినవాడు వృద్ధుడు. పని అయిన తరువాత హనుమంతుడు ఆ పర్వతాన్ని మళ్ళీ హిమాలయంలోనే పెట్టి వచ్చినాడని వాల్మీకి చెప్పుతాడు. కొండను వాడుకున్నవాడు కొండను దాని చోట ఉంచి రావాలన్న ఆ ఒక్క సంగతి నేటి యాత్రికులకు ఎంతో అవసరమైనది. మళ్ళీ దాని ప్రస్తావన తెస్తాను.

పురాణం విడిచి చరిత్రకు వస్తే, కుటుంబంతో ఉత్తరదేశయాత్ర ఎట్లా చేయాలో మనకు చూపినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసినవాడు. 1830 మే 18న, అంటే నడి వేసవిలో, ఇంటివారితో పరివారంతో కలిసి సుమారు నూరుమందితో బయలుదేరి, హైదరాబాదు, నిర్మల, నాగపురం మీదుగా కాశీకి పోయి, గయ, కలకత్తా చూచుకొని 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరినాడు. ఆయన నిర్మల దారిలో గోదావరి దాటిన చోటు మాకు మరీ దూరమేమీ కాదు. హిమాలయం దాకా ఆయన పోలేదు. అయినా ఆయన కాశీయాత్ర చరిత్ర నాకు ఇక్కడ ఎందుకు అక్కరకు వచ్చినదంటే, ఆయన దూరాన్ని మజిలీలతో కొలిచినాడు. ఈ మజిలీలో నీళ్ళు మంచివా కావా, అంగళ్ళు ఉన్నవా, దారి బురదా రాయా, దిగడానికి చోటున్నదా అన్నది ఊరూరికీ వ్రాసి పెట్టినాడు. వేగం వచ్చినకొద్దీ మనం పోగొట్టుకున్నది ఈ మజిలీ జ్ఞానమే. పాదలేపం పూసుకున్నవానికి నడుమ ఊళ్ళతో పని ఉండదు కదా.

ఇక మన కాలం. 2014 సంవత్సరంలో ఒక్క పక్షం రోజుల వ్యవధిలో మంచుకొండలు తెలుగువారికి రెండు వార్తలు పంపినవి. మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, పద్నాలుగేండ్లు నిండని బాలిక, టిబెట్టు వైపు నుండి ఎవరెస్టు శిఖరం ఎక్కినది. ఆమెతో పాటు ఖమ్మం జిల్లా బాలుడు సాధనపల్లి ఆనంద్‌కుమార్ కూడా ఎక్కినాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలు. వాళ్ళ విజయానికి వెనుక భువనగిరి రాతిగుట్ట మీద మొదలుపెట్టిన అభ్యాసమున్నది, డార్జిలింగు శిక్షణ ఉన్నది, లడఖ్ చలికి శరీరాన్ని అలవాటు చేసుకోవడమున్నది. పేద ఇండ్ల పిల్లలు అంత ఎత్తుకు పోయి క్షేమంగా ఇల్లు చేరినారంటే, ఆ చేరడాన్ని ముందే నెలల తరబడి కూర్చుకున్నారన్నమాట.

జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడినది. ఊరూరా సంబురాలు ముగియకముందే, జూన్ 8న రెండవ వార్త వచ్చినది. మనాలికి విహారయాత్ర పోతున్న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్ మండీ జిల్లాలో బియాస్ నది ఒడ్డున దిగి, నీటి నడుమ రాళ్ళ మీద నిలబడి ఉండగా, పైన ఉన్న లార్జీ ఆనకట్ట నుండి వదలిన నీళ్ళు ఒక్కసారిగా వచ్చిపడినవి. 24 మంది విద్యార్థులు, వారితో పోయిన యాత్రా నిర్వాహకుడొకడు కొట్టుకుపోయినారు. శవాల కొరకు రోజుల తరబడి తల్లిదండ్రులు ఆ ఒడ్డున కూర్చున్నారు. ఆ పిల్లలు మంచుకొండను చేరనే లేదు. ఎండకాలపు నది మన వైపు నదుల వలె మోకాలిలోతు నీళ్ళతో ఉన్నట్టు కనబడినది. కాని హిమాలయపు నదికి వేసవి అంటే మంచు కరిగే కాలం, ఆనకట్టల గేట్లు లేచే కాలం. మన ఊరి ఋతుజ్ఞానం అక్కడ పనికిరాదు. ప్రవరుని లేపం వలెనే మన అనుభవం కూడా ఆ చోట కరిగిపోతుంది.

దూరపు కొండల సంగతే ఎందుకు? 2018 సెప్టెంబరు 11, మంగళవారం. శనివారంపేట నుండి జగిత్యాలకు పోతున్న ఆర్టీసీ బస్సు మా కొండగట్టు ఘాటు రోడ్డు మీద లోయలో పడినది. అరవై మందికి పైగా చనిపోయినారు. శనివారంపేట, హిమ్మత్‌రావుపేట, డబ్బుతిమ్మయ్యపల్లి, రాంసాగర్, ఇట్లా మా కొడిమ్యాల మండలపు ఊళ్ళవారే ఎక్కువమంది. అందులో ఆడవారే ఎక్కువ. ఆ బస్సులో పట్టవలసినవారికన్నా ఎంతో ఎక్కువమంది ఉండిరి. అది హిమాలయం కాదు, పుట్టినప్పటి నుండీ చూస్తున్న గుట్ట. దిగే దారి ఎక్కే దారికన్నా కఠినమైనదని మా మండలంలో ఇప్పుడు ఎవరికీ ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే ఇక్కడ ‘కొండ ప్రయాణం’ అంటే ముసలివాళ్ళు ముందు బండిలో ఎందరు ఎక్కుతున్నారని అడుగుతారు. వేడుక గూర్చి తరువాత మాట్లాడుతారు.

ఇవన్నీ మనసులో పెట్టుకొని మా ఇంటి యాత్రకు లెక్క వేసినాను. రోహ్తాంగ్ కనుమ ఎత్తు 3,978 మీటర్లు, మనాలి నుండి సుమారు 51 కిలోమీటర్లు. ఆ పేరుకు స్థానిక భాషలో శవాల బయలు అని అర్థం చెప్పుతారు. మంచు తుపానులలో చిక్కి దారిలో ప్రాణాలు విడిచిన బాటసారుల వల్ల ఆ పేరు వచ్చినదట. 2020 అక్టోబరు 3న 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచిన తరువాత లాహౌల్ పోయేవారికి కనుమ దాటవలసిన పని తప్పినది. ఇప్పుడు కనుమ మీదికి పోయేవారిలో అధికులు మంచు చూడవచ్చినవారే.

ఇక కాలం. చలికాలపు మంచు తొలగించి కనుమ దాకా దారి తెరవడం సాధారణంగా మే నెలలో జరుగుతుంది. ఒక్కొక్క యేడు ఇంకా ఆలస్యం కూడా అవుతుంది. జూన్ చివరికి మంచు బాగా తగ్గిపోతుంది, ఆ తరువాత వానలు, కొండచరియలు. మన బడులకు ఏప్రిల్ చివరి నుండి జూన్ రెండవ వారం దాకా సెలవులు. కాబట్టి మే మూడవ వారం నుండి జూన్ మొదటివారం లోపల పోవాలి. వాహనానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. మంగళవారం నాడు దారి మరమ్మతుల కొరకు యాత్రికుల బండ్లను పోనివ్వని ఆచారమున్నది, కనుక ఆ దినం విడిచిపెట్టాలి. మాకు రైలు రామగుండంలో ఎక్కితే ఢిల్లీ, అక్కడి నుండి ఒక రాత్రి బస్సు ప్రయాణం. మనాలి సుమారు 2,000 మీటర్ల ఎత్తు. దిగిన మరునాడే కనుమకు ఉరకకుండా ఒకటి రెండు రాత్రులు అక్కడ గడపాలి. కనుమ మీద గాలి ఒత్తిడి సముద్రమట్టం మీద ఉండేదానిలో మూడింట రెండు వంతులకన్నా తక్కువ. తలనొప్పి, వాంతి, ఆయాసం మొదలైతే దానికి మొదటి మందు కిందికి దిగడమే. చూడవలసినవి ఇంకా ఉన్నవని ఆగరాదు. తెల్లని మంచు మీద పడ్డ ఎండ కండ్లను మాడ్చుతుంది, నల్లద్దాలు పిల్లలకు కూడా కావాలి.

అన్నిటికన్నా ముఖ్యం వేళ. చీకటితోనే బయలుదేరి, మధ్యాహ్నం కాకముందే దిగుముఖం పట్టాలి. మధ్యాహ్నం తరువాత కొండ మీద మబ్బు కమ్ముతుంది, కరిగిన మంచు దారి మీద పారుతుంది, బండ్లు బారులు తీరుతాయి. ప్రవరుడు ఇంటిని తలచుకున్న వేళ కూడా అదే కదా! అతనికి ఆ వేళకు ఆలోచన వచ్చినది, మనకు ఆ వేళకు బండి కదిలి ఉండాలి. మా అబ్బాయితో ఇంకొక మాట కూడా చెప్పినాను. మోకాళ్ళ నొప్పులున్న మీ అమ్మా, గుండెకు మందులు మింగే నేనూ మనాలిలోనే ఉండి మీ కొరకు ఎదురుచూస్తాము. పిల్లలు తెచ్చే కబుర్లు వింటే మాకు యాత్రాఫలం దక్కినట్టే. తీర్థవాసుల నోట విని తృప్తి పడడం ప్రవరుడు సిద్ధుడు రాకముందు చేసిన పనే. అది తక్కువ పనేమీ కాదు.

చివరగా, ముందు చెప్పినట్టు, కొండను దాని చోట ఉంచే సంగతి. రోహ్తాంగ్ మీద బండ్ల పొగ, మసి పడి మంచు నల్లబడి త్వరగా కరుగుతున్నదని జాతీయ హరిత ధర్మాసనం 2015లో రోజుకు పోదగిన యాత్రికుల వాహనాలకు పరిమితి విధించినది. మొదట 1,000, తరువాత 1,200. నల్లనిది ఎండను పీల్చుకుంటుంది, తెల్లనిది తిప్పికొడుతుంది, చిన్న తరగతి పాఠమే ఇది. పెద్దన కాలంలో హిమాలయపు మంచు మనిషి పూసుకున్న లేపాన్ని కరిగించినది. మన కాలంలో మనిషి పూస్తున్న మసి హిమాలయపు మంచును కరిగిస్తున్నది. ప్రవరుడు అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరగలిగినాడు. కరిగిపోయిన మంచును తిరిగి కొండ మీద పెట్టడానికి ఏ దేవుణ్ణి ప్రార్థించాలో నాకు తెలియదు. బియాసూ, చంద్రభాగా ఆ మంచునీళ్ళతో పారే నదులు. అక్కడి పొలాలు, ఇండ్లు వాటినే నమ్ముకొని ఉన్నవి.

కాబట్టి మా ఇంటి లెక్కలో ఇంకొక పంక్తి చేర్చినాను. రెండు కార్లు వద్దు, అందరూ సుఖంగా పట్టే ఒక్క బండి చాలు. అందులో పట్టవలసినవారికన్నా ఒక్కరు కూడా ఎక్కువ ఎక్కరాదు. తీసుకుపోయిన ప్రతి కాగితం, ప్రతి సీసా తిరిగి కిందికి రావాలి. సిద్ధుడు లేపం పూసి పోయినాడు, అది మంచుకు నిలువదని చెప్పలేదు. ఆ ఒక్క మాట చెప్పి పంపడానికే ఇంట్లో పెద్దలు ఉండవలసినది.

స్వస్తి.